నంద్యాల జిల్లాలో పిల్లిగద్దలు: మీరు చూసింది పాలిడ్ హారియరేనా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను, ఫొటోలు కూడా పెద్దవి చేసి చూశాను. మిగతావాళ్లకు అర్థం కావడానికి విషయం క్లుప్తంగా చెప్తాను. పోయిన ఆదివారం సాయంత్రం మీరు బైక్ మీద నందికొట్కూరు నుంచి మిడుతూరు వైపు వెళ్తున్నారు. దారి పక్కన శనగ చేను మీద, మనిషి నడుమెత్తులో, తెలుపు కలిసిన బూడిదరంగు గద్ద ఒకటి రెక్కలు పెద్దగా ఆడించకుండా అటూ ఇటూ తిరుగుతూ కనిపించింది. రెక్కల చివర్లు నల్లగా ఉన్నాయి. వెనక కూర్చున్న మీ మేనమామ అది అడవి రామదాసు అన్నారు. ఇంటికొచ్చి ఫొటో పెట్టి చూస్తే ఫోన్‌లో యాప్ పాలిడ్ హారియర్ అంది. అది అరుదైన వలస పక్షి అని చదివి, నిజంగా మన జిల్లాకు వస్తుందా, మళ్లీ చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి, ఎవరికైనా చెప్పాలా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. మీరు చూసింది హారియరే, అంటే మన పిల్లిగద్ద. కానీ పాలిడ్ హారియర్ కాదు, దానికి దగ్గరి చుట్టం మాంటెగ్యూ హారియర్. అందులోనూ మగది. మీరు పెట్టిన రెండో ఫొటోలో, మసకగానే అయినా, రెక్క మధ్యలో పొడవునా ఒక నల్ల గీత ఉంది చూడండి. పాలిడ్ మగదానికి ఆ గీత ఉండదు. అలాగని యాప్ చెప్పింది జరగనిదేమీ కాదు. పాలిడ్ హారియర్లు కూడా చలికాలంలో మన జిల్లాకు వస్తాయి, మాంటెగ్యూల కన్నా తక్కువగా. ఈ ఫొటోలో ఉన్నది మాత్రం అది కాదు.

మీ మేనమామ మాటను తేలిగ్గా తీసుకోకండి. అడవి రామదాసు కూడా తెలుపు బూడిద రంగుల పక్షే. అదీ చేల మీదే తిరుగుతుంది, ఎలుకలు పడుతుంది. మన ఊళ్లలో చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. తేడా పట్టుకోవడం సులభం. అడవి రామదాసు కరెంటు తీగల మీద, తుమ్మ చెట్ల కొసల మీద కూర్చుంటుంది. వేటాడేటప్పుడు గాల్లో ఒకే చోట రెక్కలు కొట్టుకుంటూ నిలబడి, కాళ్లు వేలాడదీసి, మెల్లగా కిందికి దిగుతుంది. భుజం మీద నల్ల మచ్చ ఉంటుంది, కళ్లు ఎర్రగా ఉంటాయి, తోక పొట్టి. పిల్లిగద్ద తీరు వేరు. తీగ మీద కూర్చోవడం నేను చూడలేదు. కూర్చుంటే నేల మీద, దున్నిన చేలో మట్టిగడ్డ మీద, లేకపోతే గట్టు మీద కూర్చుంటుంది. ఎగిరేటప్పుడు రెక్కలు కాస్త పైకెత్తి, ముందు నుంచి చూస్తే వి ఆకారంలో పట్టుకుంటుంది. నాలుగుసార్లు రెక్కలు కొట్టి జారుతుంది, మళ్లీ కొట్టి జారుతుంది. చేను ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతికి, తిరిగి పక్క సాలు మీదుగా వస్తుంది. నాగలి పట్టినట్టే ఉంటుంది ఆ తిరుగుడు.

పిల్లిగద్ద అన్న పేరు ఎలా వచ్చిందో నేను చెప్పలేను కానీ, దాని మొహం దగ్గర నుంచి చూసినవాళ్లకు ఆ పేరు సరిగ్గా అతికినట్టే అనిపిస్తుంది. కొన్నేళ్ల క్రితం ఒక రైతు తువ్వాలులో చుట్టి ఒక చనిపోయిన పక్షిని తెచ్చారు. రోడ్డు మీద బండి తగిలింది. గోధుమరంగు పిల్ల పక్షి, ఆ ఏడే పుట్టింది. అటవీ సిబ్బందికి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా దాన్ని చూస్తూ కూర్చున్నాను. చేతిలో పెట్టుకుంటే బరువే లేదు. మాంటెగ్యూ మగది పావుకిలో అటూ ఇటూ ఉంటుంది, ఆడది కాస్త ఎక్కువ. రెక్కలు చాపితే మాత్రం ఇంచుమించు మీటరు. కాళ్లు సన్నగా, పొడుగ్గా, పసుప్పచ్చగా ఉన్నాయి, గడ్డిలోకి చాపి పట్టుకోవడానికి చేసినట్టు. మొహం చుట్టూ చిన్న ఈకలు గుండ్రంగా పేర్చినట్టు ఉన్నాయి, గుడ్లగూబకు ఉన్నట్టే. వేలితో ఆ ఈకలు పక్కకు తీస్తే లోపల చెవి రంధ్రం పెద్దది కనిపించింది. గడ్డి అడుగున ఎలుక కదిలిన చప్పుడు కూడా ఆ ఈకల చట్రం పట్టి చెవికి అందిస్తుంది. అందుకే అంత కిందుగా, అంత నెమ్మదిగా ఎగురుతుంది. చూడటంతో పాటు వింటూ వేటాడే పక్షి ఇది.

ఇక గుర్తుపట్టడం గురించి. ఇక్కడ కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే యాప్‌లు తడబడేది ఇక్కడే.

మగ పక్షులైతే రెక్క చూడండి. మాంటెగ్యూ మగది ముదురు బూడిద. రెక్క చివర నలుపు ఎక్కువ, పైన ఒక నల్ల గీత, కింద రెండు గీతలు. పొట్ట పక్కలా, రెక్క అడుగునా ఇటుకరంగు చారలు ఉంటాయి. పాలిడ్ మగది బాగా తెలుపు, దూరం నుంచి కొంగలా మెరుస్తుంది. తల, రొమ్ము, పొట్ట అంతా ఒకే లేత రంగు, ఎక్కడా గీతలు ఉండవు. నలుపు రెక్క చివర సన్నటి ముక్కలా, చీలికలా మాత్రమే ఉంటుంది. మీరు ఫొటో తీయలేకపోయినా పర్వాలేదు, "గీత ఉందా, లేదా" అన్న ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

సాయంత్రపు ఎండలో జాగ్రత్త. మీరు చూసింది సూర్యాస్తమయానికి అరగంట ముందు. ఆ వెలుగులో బూడిద రంగంతా తెల్లగా కనిపిస్తుంది, సన్న గీత కరిగిపోతుంది. నేను మొదలుపెట్టిన కొత్తలో ఇలాంటి వెలుగులోనే ఒక పక్షిని చూసి పాలిడ్ అని నమ్మకంగా రాసేశాను. నాకు నేర్పిన పెద్దాయన నా నోట్‌బుక్ తీసుకుని, "సూర్యుడు నీకు ఏ వైపు ఉన్నాడు?" అని ఒక్క ప్రశ్న అడిగారు. ఎదురుగా ఉన్నాడు. ఆ రికార్డు కొట్టేశాను. అప్పటినుంచి ప్రతి నోట్‌లో వెలుగు ఎటు నుంచి వస్తోందో కూడా రాస్తున్నాను. మీరూ రాయండి.

ఆడవాటి దగ్గర తొందరపడొద్దు. రెండు జాతుల ఆడవీ గోధుమరంగే. నడుము మీద, తోక మొదట్లో తెల్ల పట్టీ, తోక మీద అడ్డ చారలు. వీటిని రింగ్‌టెయిల్ అంటారు. పిల్ల పక్షులూ దాదాపు ఇలాగే ఉంటాయి, కాకపోతే వాటి రొమ్ము చారలు లేకుండా ఇటుకరంగులో నున్నగా ఉంటుంది. పిల్ల పాలిడ్‌కు చెంప వెనక మెడ చుట్టూ లేత రంగు పట్టీ, దాని వెనక మెడ పక్కన ముదురు మచ్చ స్పష్టంగా ఉంటాయి, మెడలో కండువా వేసుకున్నట్టు. పిల్ల మాంటెగ్యూకు ఆ కండువా ఉండదు, ఉన్నా తెగిపోయినట్టు ఉంటుంది. రెక్క చివరి ఈకలు మాంటెగ్యూ పిల్లకు ముదురుగా, పాలిడ్ పిల్లకు లేతగా చారలతో ఉంటాయి. పెద్ద ఆడవాటిలో రెక్క అడుగు చూడాలి. పాలిడ్ ఆడదానికి ఒంటికి దగ్గరగా ఉన్న సగం మసిపట్టినట్టు ముదురుగా, చివరి సగం లేతగా ఉంటుంది. మాంటెగ్యూ ఆడదానికి ఆ లోపలి సగంలో కూడా వెడల్పాటి లేత పట్టీలు విడివిడిగా తెలుస్తాయి. మంచి కెమెరా, వీపు వెనక సూర్యుడు ఉంటే తప్ప ఇవేవీ తేలవు. ఇన్నేళ్లుగా చూస్తున్న నేను కూడా ఇప్పటికీ సగానికి పైగా రింగ్‌టెయిళ్లను "హారియర్, జాతి తేల్చలేదు" అనే రాస్తాను. అలా రాయడం తప్పు కాదు. ఊహించి పేరు పెట్టడమే తప్పు.

మన దగ్గర ఇంకో హారియర్ కూడా ఉంటుంది. అలగనూరు రిజర్వాయర్ అంచుల్లో, చెరువుల్లో తుంగ, జమ్ము ఉన్నచోట తిరిగే మార్ష్ హారియర్. అది పెద్దది, ముదురు గోధుమ, తల మీద మీగడరంగు, నడుము మీద తెల్ల పట్టీ ఉండదు. నీటి పక్కన ఉందంటే ముందు దాన్నే అనుమానించండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న: మన జిల్లాకు వస్తాయా?

వస్తాయి, చాలా కాలంగా వస్తున్నాయి. దేశంలో హారియర్ల గురించి పట్టించుకునే ఎవరినైనా అడగండి, గుజరాత్‌లోని వేళావదర్ తర్వాత రోళ్లపాడు పేరు చెప్తారు. మీరు ఆ గద్దను చూసిన రోడ్డు నుంచి అది ఎంతో దూరం లేదు. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో రోళ్లపాడును అభయారణ్యంగా ప్రకటించారు, విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు. అంతకు ముందు నుంచే, 1980ల మొదట్లోనే, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు బట్టమేక పిట్ట మీద ఇక్కడ పని చేశారు. ఆ పిట్ట కోసం కాపాడిన గడ్డిలోనే చలికాలం రాత్రుళ్లు పిల్లిగద్దలు వందల సంఖ్యలో గుంపుగా పడుకునేవి. ఇప్పుడు బట్టమేక పిట్ట ఇక్కడ దాదాపు కనుమరుగైంది. పిల్లిగద్దలు ఇంకా వస్తున్నాయి, కానీ ఆ పాత రోజుల గుంపులు లేవు.

పాత రికార్డులు వెతికేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు మిడుతూరు మండలంతో పాటు రోళ్లపాడు కర్నూలు నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. అందుకని పాత పుస్తకాలు, పాత నివేదికలు అన్నీ కర్నూలు జిల్లా అనే అంటాయి. "నంద్యాల జిల్లాలో ఇదే మొదటిసారి" అని ఎవరైనా రాస్తే నమ్మే ముందు ఆ ఊరు 2022కు ముందు ఏ జిల్లాలో ఉండేదో చూడండి. మొదటిసారి అయింది పక్షికి కాదు, జిల్లా పేరుకు.

అరుదు అన్న మాట గురించి కూడా చెప్పాలి. పాలిడ్ హారియర్ ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) ఎర్ర జాబితాలో ముప్పుకు దగ్గరగా ఉన్న పక్షి. దక్షిణ రష్యా, కజకిస్తాన్‌ల గడ్డి మైదానాల్లో నేల మీద గూడు కట్టి పిల్లల్ని చేస్తుంది. మాంటెగ్యూకు ప్రపంచం మొత్తం మీద అంత ప్రమాదం లేదని అదే జాబితా అంటుంది. కానీ మన దేశంలో రాత్రి బసల దగ్గర లెక్కలు పెట్టినవాళ్లు రెండూ తగ్గుతున్నాయనే చెప్తున్నారు. మన దేశంలో శాటిలైట్ ట్యాగులు కట్టి వదిలిన పిల్లిగద్దలు వసంతంలో కజకిస్తాన్ దాకా వెళ్లినట్టు తెలిసింది. ఉత్తర కజకిస్తాన్ నుంచి మన నందికొట్కూరుకు మ్యాప్ మీద సూటిగా గీత గీస్తేనే దాదాపు 4,000 కిలోమీటర్లు. మీరు చూసిన ఆ పావుకిలో పక్షి ఈ ఏడు ఒకసారి ఆ దూరం వచ్చేసింది, మార్చి ఏప్రిల్‌లలో మళ్లీ వెళ్తుంది. అందుకని "పాలిడ్ కాదట" అని నిరాశ పడకండి. మీరు చూసిన మాంటెగ్యూ కూడా ఒక చోట రాసిపెట్టాల్సిన పక్షే.

ఎప్పుడు, ఎక్కడ చూడాలి. సెప్టెంబరు చివర, అక్టోబరు నుంచి రావడం మొదలవుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగా కనిపిస్తాయి. పగలు అవి అభయారణ్యంలో తక్కువ, చుట్టుపక్కల చేలలో ఎక్కువ. శనగ, జొన్న, కోసిన చేలు, బీడు భూములు. చాలామంది కర్నూలు నుంచో హైదరాబాద్ నుంచో వచ్చి నేరుగా అభయారణ్యంలోకి వెళ్లి, మధ్యాహ్నం అంతా ఏమీ కనబడలేదని వెనక్కి పోతారు. ఉదయం ఎండ ఎక్కకముందు, మళ్లీ మూడున్నర దాటాక, చేల మధ్య రోడ్ల మీద నెమ్మదిగా వెళ్తే మీకు కనిపించినట్టే కనిపిస్తాయి. అడుగడుక్కీ ఆగక్కర్లేదు. ఒక చోట బండి ఆపి, ఇంజిన్ ఆపేసి, అరగంట కదలకుండా ఉండండి. వెతుక్కుంటూ అదే మీ ముందుకు వస్తుంది.

అసలు చూడాల్సింది మాత్రం సాయంత్రం బస. డిసెంబరులో ఐదూ నలభై ప్రాంతంలో పొద్దు గూకుతుంది. అంతకు గంట ముందే అవి ఒక్కొక్కటిగా బసకు దగ్గర్లోని ఖాళీ చేలలోకి వచ్చి దిగుతాయి. మట్టిగడ్డల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి కూర్చుంటాయి. ఈకలు సర్దుకుంటాయి, కదలవు. కొత్తవాళ్లు వాటిని రాళ్లనుకుంటారు. వెలుగు పడిపోయే వేళకు లేచి, గడ్డి మీద చుట్లు తిరిగి, ఉన్నట్టుండి రెక్కలు పైకెత్తి నిలువుగా గడ్డిలోకి దిగిపోతాయి. కాసేపటికి ఏదో ఒకటి లేస్తుంది, దాన్ని చూసి పక్కవి లేస్తాయి, మళ్లీ సర్దుకుంటాయి. చివరివి వచ్చేటప్పటికి మనకు రంగులు తెలియవు, ఆకారం మాత్రమే తెలుస్తుంది. వేల కిలోమీటర్లు వచ్చిన పక్షి చెట్టెక్కకుండా నేల మీద ఎందుకు పడుకుంటుందని చాలామంది అడుగుతారు. అది పుట్టిన మైదానంలో చెట్లే ఉండవు. గూడూ నేల మీదే, నిద్రా నేల మీదే. మోకాలెత్తు గడ్డి కావాలి, లోపల చిన్న పక్కలా తొక్కి చదును చేసుకుంటుంది. ఆ గడ్డి దొరక్కపోతే దానికి రాత్రి లేదు.

ఇక్కడే మిమ్మల్ని గట్టిగా అడిగేది ఒకటుంది. సాయంత్రం బస ఉన్న గడ్డిలోకి నడవకండి, బండి అసలు పోనివ్వకండి. రెండేళ్ల క్రితం జనవరిలో కొందరు ఫొటోల కోసం చీకటి పడుతుండగా జీపు గడ్డి అంచులోంచి తోలుకుంటూ వెళ్లారు. కూర్చున్న పక్షులన్నీ ఒక్కసారి లేచిపోయాయి. ఆ చీకట్లో అవి ఎక్కడికి పోయాయో, ఎక్కడ దిగాయో మేమెవ్వరం చూడలేకపోయాం. మర్నాడు సాయంత్రం అదే చోట కూర్చున్నాం, వచ్చినవి చాలా తక్కువ. ఆ ముక్క గడ్డిలోకి అవి తిరిగి రావడానికి వారం పైన పట్టింది. నక్కలు, అడవి పిల్లులు, ఊరకుక్కలు తిరిగే చోట రాత్రిపూట కొత్త జాగా వెతుక్కోవడం వాటికి చిన్న విషయం కాదు. అభయారణ్యం లోపలికి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోండి, వాచర్‌ను అడిగి ఆయన చూపించిన చోటే కూర్చోండి. బయటి రోడ్డు నుంచి కూడా బాగానే కనిపిస్తాయి.

అవి తినేది తెలిస్తే ఎక్కడ కనిపిస్తాయో మీకే అర్థమవుతుంది. అన్నీ వెళ్లిపోయాక ఉదయం పదింటికి, అనుమతితో, బస అంచుల్లో వెతికితే వాంతి ఉండలు దొరుకుతాయి. అరగని ఎముకలు, బొచ్చు, రెక్కలు ఉండగా చుట్టి పక్షి నోట్లోంచి పడేస్తుంది. ఒకసారి ఒక ఉండను తెల్ల కాగితం మీద పెట్టి, రెండు గుండుసూదులతో నెమ్మదిగా విప్పాను. నా బొటనవేలి కొస అంత ఉంది, ఎండిపోయి తేలిగ్గా, బూడిదరంగులో. లోపల మొదట వచ్చింది మిడతల వెనక కాళ్లు, రంపపు పళ్లు ఉన్న ఆ గట్టి ముక్కలు, ఒకదాని మీద ఒకటి కట్ట కట్టినట్టు. తర్వాత మిడతల దవడలు, నల్లగా, ఆవగింజల్లా మెరుస్తూ. వాటి మధ్య చిటికెడు ఎలుక బొచ్చు, ఒక చిన్న దవడ ఎముక, దానికి నారింజరంగు ముందు పళ్లు. ఒక నేలపిచ్చుక ఈక. అంతే. మన చేలల్లో పిల్లిగద్ద బతికేది ముఖ్యంగా మిడతల మీద. వానలు బాగా పడి, గడ్డి పెరిగి, మిడతలు ఎక్కువైన ఏడు పక్షులు ఎక్కువ ఆగుతాయి. వానలు తప్పిన ఏడు వచ్చినవి వచ్చినట్టే ముందుకు పోతాయి.

దీన్నిబట్టి ఎందుకు తగ్గుతున్నాయో కూడా కొంత తెలుస్తుంది. నా చిన్నప్పుడు ఈ ప్రాంతంలో ఊరికీ ఊరికీ మధ్య గొర్రెలు మేసే బీళ్లు ఉండేవి. కాలువ నీళ్లు వచ్చాయి, బోర్లు వచ్చాయి, బీడు చేనైంది, మెట్ట చేను పత్తి మిరప చేనైంది. గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు కూడా వేల ఎకరాల మెట్ట నేలలోనే వచ్చింది. వీటిలో ఏదీ నేను తప్పు పట్టను. నీళ్లు లేక వలస పోయిన కుటుంబాలు నాకు తెలుసు, మా ఇంట్లోనే ఉన్నారు. కానీ లెక్కలో ఈ పక్షి వాటా ఎవరూ రాయలేదు. శనగలో పచ్చపురుగుకు కొట్టే మందు మిడతలనూ చంపుతుంది, మందు తిన్న మిడతను తిన్న పక్షికీ మంచిది కాదు. మన దగ్గర పిల్లిగద్దలు తగ్గడంలో ఏ కారణానిది ఎంత భాగమో ఒక్క బస చూసి తేల్చలేం. ఇక్కడ తగ్గినవి పక్క జిల్లాలో ఇంకో గడ్డిలో పడుకుంటూ ఉండొచ్చు. అవి పిల్లల్ని చేసే చోటే ఇబ్బంది ఉండొచ్చు. అందుకే ఒక్క రోళ్లపాడు లెక్కతో సరిపోదు. ఇలాంటి గడ్డి ముక్కలు జిల్లాలో ఇంకెక్కడెక్కడ ఉన్నాయో తెలియాలి. మీలాంటి వాళ్లు రాసే ప్రతి చూపూ అందుకు కావాలి.

అందుకని ఎవరికి చెప్పాలన్న ప్రశ్నకు నా జవాబు. చూసిన పక్షుల్ని నమోదు చేసే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో ఖాతా తెరవండి, ఉచితం, ఫోన్‌లోనే పని అవుతుంది. మీ ఆదివారం చూపును తేదీ, గంట, సరైన చోటు, ఎంతసేపు ఉన్నారు, ఎన్ని చూశారు అన్నవాటితో పెట్టండి. మసక ఫొటో అయినా జత చేయండి, ఆ గీత కనిపిస్తోంది కాబట్టి అది చాలా విలువైనది. జాతి దగ్గర మాంటెగ్యూ అని రాయండి. పక్కనే, వెలుగు ఎటునుంచి వచ్చిందో, దేన్నిబట్టి పేరు పెట్టారో రెండు మాటల్లో రాయండి. ఆ రోజు కనిపించిన కాకులు, మైనాలు, అడవి రామదాసులు కూడా అదే జాబితాలో ఉండాలి. ఒక్క అరుదైన పక్షి పేరే రాసి మిగతావి వదిలేస్తే ఆ జాబితాతో తర్వాత లెక్కలు కట్టలేరు. ఇంకొకటి: ఏమీ కనిపించని సాయంత్రం కూడా రాయండి. అదే దారిలో పది ఆదివారాలు వెళ్లి రెండుసార్లు చూశారంటే అందులో సమాచారం ఉంది. చూసిన ఆ రెండు రోజులే రాస్తే ప్రతిసారీ కనిపిస్తాయని అనుకుంటారు.

గాయపడిన పక్షి దొరికితే మాత్రం ఇంటికి తీసుకెళ్లకండి, మేత పెట్టకండి, నీళ్లు నోట్లో పోయకండి. గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి చీకట్లో ఉంచి అటవీ శాఖకు ఫోన్ చేయండి.

బస దగ్గర లెక్క పెట్టాలని ఉంటే ఒక్కరే రావొద్దు. నేనూ నా స్నేహితుడూ మొదటిసారి పక్కపక్కనే కూర్చుని, ఒకే ఆకాశాన్ని చూసి లెక్కపెడితే చివర్లో ఎనిమిది పక్షుల తేడా వచ్చింది. లేచి మళ్లీ దిగినవాటిని ఒకరం రెండుసార్లు లెక్కపెట్టాం. ఇప్పుడు ఇలా చేస్తున్నాం. ఇద్దరం వేరు వేరు చోట్ల కూర్చుంటాం, ఎవరి దిక్కు వాళ్లకు ముందే పంచుకుంటాం, ఒక కరెంటు స్తంభాన్నో చెట్టునో హద్దు పెట్టుకుంటాం. ఐదు నిమిషాలకొక గడి గీసిన కాగితం మీద లోపలికి దిగినవి ఒక వైపు, లేచి బయటికి పోయినవి ఒక వైపు గీతలు పెడతాం. చివర్లో ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తాం. లెక్క కోసం పడమర వైపు మొహం పెట్టి కూర్చోవాలి, వెలుగులో ఆకారాలు బాగా తెలుస్తాయి. జాతి గుర్తుపట్టాలంటే దానికి సరిగ్గా వ్యతిరేకం, సూర్యుడు వీపు వెనక ఉండాలి. రెండు పనులూ ఒకే సాయంత్రం ఒకే చోటు నుంచి అవ్వవు, మొదటి గంట గుర్తుపట్టడానికి, చివరి అరగంట లెక్కకు అని పెట్టుకోండి.

మీ మేనమామను కూడా తీసుకురండి. ఆయన ఆ చేలను ఎన్నో ఏళ్లుగా చూస్తున్నారు, ముప్పై ఏళ్ల క్రితం శనగ కోతల నాడు ఎన్ని "రామదాసులు" తిరిగేవో, వాటిలో నేల మీద కూర్చునేవి ఎన్నో అడిగి రాసుకోండి. ఏ ఊరి బీట్లో, ఏ సర్వే గట్టు దగ్గర చూశారో కూడా అడగండి. ఇప్పుడు చేనైపోయినా సరే. వచ్చే ఆదివారం మీకు మళ్లీ కనిపిస్తే, వెళ్లిపోతున్నప్పుడు వెనక నుంచి, అంటే నడుము, తోక, రెక్క పైభాగం ఒకే ఫొటోలో వచ్చేలా తీసి ఇక్కడే పెట్టండి. చూసి చెప్తాను.